మీ ఊరి సంఘానికి ప్రభుత్వ నిధులు రావాలంటే ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం, కలిగిరి దాటి ఉదయగిరి వైపు. ఊళ్లో చిన్న స్వచ్ఛంద సంఘం ఉంది. దానికి చాలా ఏళ్లు కోశాధికారిగా ఉండి క్యాష్ బుక్కు రాశాను, ఢిల్లీకి ఫైళ్లు పంపాను, వెనక్కి వచ్చినవీ చూశాను, మంజూరైనవీ చూశాను. ఇప్పుడు వారానికి ఒక ఫోనైనా వస్తుంది, పామూరు నుంచో వింజమూరు నుంచో కనిగిరి నుంచో, "అన్నా, సంఘాలకి సెంట్రల్ గవర్నమెంటు లక్షలు ఇస్తోందంట గదా, అప్లికేషన్ ఎట్లా పెట్టాల?" అని. అప్లికేషన్ పెట్టడం ఒక సాయంత్రం పని. దానికి ముందు రెండు మూడేళ్లు, డబ్బు వచ్చాక ఇంకో రెండేళ్లు చేయాల్సిందే అసలు పని, అడిగినవాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పరు. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను.

ముందు ఇది తేల్చుకోండి: ఆ డబ్బు మీ సంఘానికే రావాలా?

ఒక కాగితం తీసుకుని మీ ఊరికి ఏం కావాలో ఒక్క వాక్యంలో రాయండి. "గ్రామాభివృద్ధి" అని రాస్తే అది వాక్యం కాదు, బోర్డు మీద పేరు. "యానాది కాలనీ పిల్లలు ఐదో తరగతి అయ్యాక బడి మానేస్తున్నారు" అని రాయండి, "మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పిల్లల పళ్లు గారలు కడుతున్నాయి" అని రాయండి. ఆ వాక్యం రాశాక, ఈ పని చేసే బాధ్యత ఇప్పటికే ఎవరి మీద ఉందో చూడండి. చాలాసార్లు అది పంచాయతీ మీద ఉంటుంది, లేదా ఏదో ఒక శాఖ మీద ఉంటుంది. అలాంటప్పుడు సంఘం పేరుతో నిధులు అడగడం కంటే వాళ్ల చేత ఆ పని చేయించడమే త్వరగా అవుతుంది.

నీళ్లు, కాలువలు, చెత్త అయితే నేరుగా పంచాయతీకి పోండి. 15వ ఆర్థిక సంఘం నిధులు 2021 నుంచి 2026 వరకు కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చాయి, అందులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు, మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు. ఆర్థిక సంఘం మారితే ఈ లెక్కలు మారతాయి గానీ పద్ధతి మారదు, ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారవుతుంది, అందులో మీ పని ఎక్కితేనే దానికి డబ్బు. ఆ ప్రణాళిక కసరత్తు అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది కాబట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లోనే పంచాయతీ కార్యదర్శిని కలవండి, గ్రామసభలో మీ పని మీద తీర్మానం చేయించండి, తీర్మానం నకలు సంతకం, స్టాంపుతో తీసుకోండి. నోటిమాటగా "రాశాంలే అమ్మా" అంటే ఊరుకోవద్దు. ఇ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో మీ పంచాయతీ పేరు కొడితే ఏ ఏడాది ఏ పని పెట్టారో, ఎంత ఖర్చు చూపించారో కనిపిస్తుంది. గ్రామసభకి వెళ్లే ముందు రోజు అది ఒకసారి చూసుకుని వెళ్లండి, మీ మాటకి బలం వస్తుంది.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల పక్కనో, సైదాపురం గనుల పక్కనో ఉండేవాళ్లకు ఇంకో దారి ఉంది. 2015లో గనుల చట్టం సవరించాక గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ ఫౌండేషన్ అని పెట్టారు, లీజుదారులు కట్టే రాయల్టీ మీద కొంత శాతం అందులో పడుతుంది, ఆ డబ్బు గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికి వాడాలి. అక్కడ కూడా మీ చేతిలో ఉండాల్సింది గ్రామసభ తీర్మానమే, అర్జీ ఇవ్వాల్సింది కలెక్టరేట్‌లో. ఎంపీ నిధులు కూడా అంతే, ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు, అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఎక్కువగా ఉండే చోట్ల ఖర్చు చేయాలని నిబంధన ఉంది. ఎంపీ సిఫారసు చేస్తారు, పని చేయించేది జిల్లా యంత్రాంగం, మీ సంఘం ఖాతాలో డబ్బు పడుతుందని అనుకోవద్దు.

ఆడవాళ్ల సంపాదన గురించి అయితే కొత్తగా సంఘం పెట్టే ముందు ఉన్న పొదుపు సంఘం దగ్గరికి పోండి. నెల్లూరు వాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు. అక్షరదీపం రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్లు దూబగుంటలో రోశమ్మ గారితో కలిసి సారా మీద తిరగబడ్డారు, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, సారాకి పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు ఈ జిల్లాలోనే పుట్టాయి. ఇవాళ ఆ దారి పొదుపు సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య అని పైకి పోతుంది, ఈ సంఘాలను చూసే వెలుగు ఆఫీసులో ఏపీఎం అనే అధికారి ఉంటారు, బ్యాంకు అప్పు ఇప్పించే లింకేజీ ఉంటుంది, సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి ఉంటుంది. ఇందులో ఎక్కువ భాగం అప్పు, గ్రాంటు కాదు, ఈ తేడా సభ్యులకు మొదటి రోజే విడమరిచి చెప్పండి. గ్రాంటు అనుకుని తీసుకుని కట్టలేక సంఘం విడిపోయిన ఊళ్లు నేను చూశాను, ఆ మనస్పర్థలు ఏళ్ల తరబడి పోలేదు.

ఇవన్నీ చూశాక కూడా మీ పని ఏ శాఖా చేయదు, మనుషులు దగ్గరుండి రోజూ చేయాల్సిన పని, ఉదాహరణకు పిల్లల హాస్టల్, వృద్ధాశ్రమం, వికలాంగుల శిక్షణ, తాగుడు మాన్పించే కేంద్రం, అప్పుడు మీ సంఘం పేరు మీద గ్రాంటు అడగడం న్యాయం. ఇక్కడి నుంచి రాసేదంతా వాళ్ల కోసం.

రిజిస్ట్రేషన్

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం 7 మంది సభ్యులు కావాలి. సంఘం ఉద్దేశాలు చెప్పే మెమొరాండం, నడిపే నియమాలు చెప్పే బైలాస్ రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వాలి, అంటే భూముల రిజిస్ట్రేషన్లు చూసే శాఖే ఇదీ చూస్తుంది. బజారులో టైపు సెంటర్ వాళ్ల దగ్గర రెడీమేడ్ బైలాస్ దొరుకుతాయి, పేరు మార్చి ఇచ్చేస్తారు. తీసుకోవద్దని అనను, కానీ ఒక రోజంతా కూర్చుని ఆ ఏడుగురూ ప్రతి లైనూ చదవండి. ముఖ్యంగా మూడు చోట్ల జాగ్రత్త. ఉద్దేశాలు రాసే చోట మీరు రేపు చేయబోయే పని స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే వృద్ధుల సంక్షేమం అనే మాట మీ మెమొరాండంలో లేకపోతే వృద్ధాశ్రమం గ్రాంటు ఫైలు అక్కడే ఆగిపోతుంది. సంఘం మూతపడితే ఆస్తి సభ్యులు పంచుకోకూడదు, అలాంటి ఉద్దేశాలున్న ఇంకో సంస్థకి పోవాలి అనే నిబంధన ఉండాలి, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ముందు వెతికేది ఇదే. బ్యాంకు ఖాతా ఇద్దరు కలిసి నడపాలని రాసుకోండి, ఒక్కరి సంతకంతో డబ్బు కదిలే సంఘాన్ని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

కమిటీలో భార్యాభర్తలు, అన్నదమ్ములు, బావమరుదులతో ఏడుగురిని పూర్తి చేయొద్దు. ఊళ్లో అది సులువే, కానీ తనిఖీకి వచ్చినవాళ్లు ఇంటిపేర్లు చూస్తారు. ఏ వర్గం కోసం పని చేస్తున్నారో ఆ వర్గం వాళ్లు కమిటీలో ఉండాలి, పేరుకి కాకుండా మాట్లాడే హక్కుతో ఉండాలి. యానాది కాలనీ కోసం పెట్టిన సంఘంలో ఒక్క యానాది మనిషి కూడా లేకపోతే ఆ సంఘం ఎవరి కోసమో నాకైతే అర్థం కాదు.

రిజిస్ట్రేషన్ అయ్యాక చాలామంది సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి గోడకి తగిలించి మర్చిపోతారు. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయాలి. ఐదారేళ్లు అది వదిలేసి, గ్రాంటు అడిగేటప్పుడు "ప్రస్తుత కమిటీ ధ్రువీకరణ" అనే కాగితం కోసం పరుగులు పెట్టినవాళ్లు మా వైపే నలుగురున్నారు. ఇంకో సంగతి, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు ప్రాంతం ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, గూడూరు, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయాయి, ఆ తర్వాత కూడా మార్పులు చేశారు. మీ సర్టిఫికెట్ మీద ఒక జిల్లా, పాన్ కార్డు మీద ఒక జిల్లా, అప్లికేషన్‌లో ఇంకో జిల్లా ఉంటే పోర్టల్ ఒప్పుకోదు, ఒప్పుకున్నా కలెక్టరేట్‌లో ఫైలు "మా పరిధి కాదు" అని తిరుగుతుంది. అప్లికేషన్‌కి ముందే అడ్రసు అన్ని కాగితాల్లోనూ ఒకటి చేసుకోండి.

పాన్, ఖాతా, దర్పణ్, 12ఏ

ఇవి ఒకదాని తర్వాత ఒకటి గబగబా అయిపోతాయి. సంఘం పేరు మీద పాన్ తీసుకోండి, కార్యదర్శి సొంత పాన్ వాడొద్దు. సంఘం పేరుతోనే బ్యాంకు ఖాతా. తర్వాత నీతి ఆయోగ్ నడిపే ఎన్జీవో దర్పణ్ పోర్టల్లో నమోదు చేసుకుంటే ఒక ప్రత్యేక నంబరు వస్తుంది, అది లేకుండా కేంద్ర మంత్రిత్వ శాఖలు గ్రాంటు దరఖాస్తు తీసుకోవు. దర్పణ్‌లో నమోదుకి ఫీజు లేదు. ఎవరైనా దానికి వేలు అడిగితే ఇవ్వకండి.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 12ఏ అని, 80జీ అని అందరూ పిలిచే రెండు నమోదులు ఉన్నాయి. మొదటిది ఉంటే సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు, రెండోది ఉంటే మీకు చందా ఇచ్చినవాళ్లకు మినహాయింపు. ఇవి ఒకప్పుడు తీసుకుంటే ఎప్పటికీ ఉండేవి, 2021 నుంచి గడువు ఉంటుంది, మళ్లీ రెన్యువల్ చేయించాలి, ఆ తేదీ గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులు కావాలనుకుంటే 2021 ఏప్రిల్ నుంచి కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి, కృష్ణపట్నం చుట్టూ పెద్ద కంపెనీలు ఉన్నాయి కాబట్టి నెల్లూరు సంఘాలకు ఇది పనికొస్తుంది. విదేశీ డబ్బుకి, విదేశీ విరాళాల చట్టం ప్రకారం తీసుకునే ఎఫ్‌సీఆర్ఏ అనుమతి వేరే, అది లేకుండా అమెరికాలో ఉన్న విదేశీ పౌరుడి దగ్గర వంద డాలర్లు తీసుకున్నా తప్పే, ఆయన మన ఊరి వాడైనా సరే.

మూడు పుస్తకాలు

ఈ మొత్తం రాసిందాంట్లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. చాలా స్కీములు మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడుగుతాయి. మూడేళ్ల లెక్కలు మార్చి నెలాఖరులో ఒక్క రాత్రి కూర్చుని తయారు చేయలేరు, చేస్తే అవి లెక్కలు కావు. గ్రాంటు వస్తుందా రాదా అనే ఆలోచన పక్కన పెట్టి, సంఘం పెట్టిన రోజు నుంచి మూడు రాయండి: క్యాష్ బుక్కు, ఖర్చు చీటీలు పెట్టే వోచర్ ఫైలు, సమావేశాల తీర్మానాలు రాసే మినిట్స్ బుక్కు.

క్యాష్ బుక్కు ఏ రోజుది ఆ రోజే రాయాలి. ఎడమ వైపు వచ్చింది, కుడి వైపు పోయింది, రోజు చివర నిల్వ. కొట్టివేత వస్తే ఒక గీత గీసి పక్కన సంతకం పెట్టండి, వైట్నర్ పూయొద్దు, పేజీ చించొద్దు, మధ్యలో గీతలు ఖాళీగా వదలొద్దు. ఐదు రూపాయల జిరాక్సుకి కూడా వోచర్ రాయండి. కూలికి వచ్చిన మనిషి బిల్లు ఇవ్వలేడు కదా అని వదిలేయకండి, వోచర్ మీద ఆయన పేరు, పని, తేదీ రాసి సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఒకరికి ఒకే రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఆ ఖర్చుని ఒప్పుకోరు, కాబట్టి పెద్దవన్నీ చెక్కు ద్వారానో ఖాతా ద్వారానో ఇవ్వండి. చందా ఇచ్చిన ప్రతి మనిషికీ నంబరు వేసిన రసీదు ఇవ్వండి, 2,000 మించి నగదుగా ఇస్తే ఇచ్చినవాళ్లకు 80జీ మినహాయింపు రాదని ముందే చెప్పండి.

మినిట్స్ బుక్కు గురించి నా అనుభవం ఒకటి చెప్తాను. మా దగ్గరికి తనిఖీకి వచ్చిన అధికారి గదులు చూశారు, వంటిల్లు చూశారు, పిల్లలతో మాట్లాడారు, అంతా బాగుందన్నారు. తర్వాత కూర్చుని "వంటమనిషిని ఎప్పుడు పెట్టారు, జీతం ఎంతని ఎవరు నిర్ణయించారు, ఆ తీర్మానం చూపించండి" అన్నారు. మేం ఆమెను పెట్టింది నిజం, ప్రతి నెలా జీతం ఇచ్చింది నిజం, ఆమె అక్కడే నిలబడి ఉంది. తీర్మానం మాత్రం రాయలేదు. "మన సుబ్బమ్మత్త గదా, రాయాల్సిందేముంది" అనుకున్నాం. ఆ ఏడాది ఆమె జీతం మొత్తం గ్రాంటు లెక్కలోంచి తీసేశారు, మేం చందాలేసుకుని కట్టుకున్నాం. ఆ అధికారి తప్పేమీ లేదు, రాయకపోవడం మా తప్పే. అప్పటి నుంచి అర డజను ప్లేట్లు కొన్నా తీర్మానం రాస్తున్నాం.

మినిట్స్‌లో హాజరైనవాళ్లు ఆ రోజే సంతకం పెట్టాలి. తర్వాత ఇంటింటికీ తిరిగి పెట్టించిన సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే తీరుగా ఉంటాయి, రెండు పేజీలు తిప్పితే తెలిసిపోతుంది. చదువురాని సభ్యులకు రాసింది చదివి వినిపించి ఆ తర్వాతే వేలిముద్ర తీసుకోండి. ఏడాది చివర చార్టర్డ్ అకౌంటెంట్‌తో ఆడిట్ చేయించండి, లక్షల టర్నోవరు లేదు కదా అని మానేయకండి. నెల్లూరు, ఒంగోలులో చిన్న సంఘాలకు తక్కువ ఫీజుకి చేసేవాళ్లు ఉన్నారు, అడగండి.

ఎవరి గడప తొక్కాలి

పాతవాళ్లు ఇప్పటికీ "కపార్ట్‌కి రాయండి" అంటారు. 1986లో పెట్టిన ఆ సంస్థ గ్రామీణ స్వచ్ఛంద సంఘాలకు నేరుగా నిధులిచ్చేది, అది ఇప్పుడు విడిగా లేదు, హైదరాబాద్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో కలిపేశారు. ఇప్పుడు ఏ పనికి ఆ మంత్రిత్వ శాఖ దగ్గరికే పోవాలి.

వృద్ధాశ్రమానికి సామాజిక న్యాయ శాఖ అటల్ వయో అభ్యుదయ యోజన, తాగుడు, మత్తు మాన్పించే కేంద్రాలకు అదే శాఖలో ఇంకో పథకం. వికలాంగులకు దీనదయాళ్ దివ్యాంగజన్ పునరావాస పథకం. దరఖాస్తులు ఆన్‌లైన్ పోర్టల్లోనే పెట్టాలి, కాగితం మీద పంపితే చూడరు. యానాదులు, చెంచుల కోసం పని చేస్తుంటే గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చే గ్రాంటు ఉంది, అందులో ఆమోదించిన ఖర్చులో 90 శాతం ప్రభుత్వం, 10 శాతం సంఘం పెట్టుకోవాలి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అయితే మొత్తం ప్రభుత్వమే. దీని కోసం ముందు నెల్లూరులోని యానాదుల ఐటీడీఏలో, అంటే గిరిజనాభివృద్ధి సంస్థలో, మాట్లాడండి. నల్లమల అంచున ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు చెంచు గూడేలకైతే 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద ఇళ్లు, రోడ్లు, నీళ్ల పనులు ప్రభుత్వమే చేపట్టింది, అక్కడ సంఘం చేయగలిగింది వేరే ఉంది: ఆధార్ లేని, కుల ధ్రువీకరణ లేని కుటుంబాలను లెక్కగట్టి గ్రామ సచివాలయానికి తీసుకెళ్లడం. ఇది ఏ గ్రాంటూ లేకుండా రేపు పొద్దున్నే మొదలుపెట్టొచ్చు, తర్వాత మీ ప్రపోజల్‌లో రాసుకోవడానికి ఇంతకంటే మంచి పని ఉండదు.

నా సలహా అడిగితే మొదటి గ్రాంటు ఢిల్లీ నుంచి వద్దు. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు తరఫున జిల్లాలను చూసే జిల్లా అభివృద్ధి మేనేజరు ఉంటారు, అందరూ డీడీఎం అంటారు. పొదుపు సంఘాల ఆడవాళ్లకు కొద్ది రోజుల నైపుణ్య శిక్షణకి, వాటర్‌షెడ్ పనికి, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు వాళ్ల దగ్గర చిన్న చిన్న నిధులు ఉంటాయి. ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ పని నేర్చుకునే ఆడవాళ్లను ముప్పై మందిని పోగేసి ఒక శిక్షణ అడగడం లాంటిది మొదటి మెట్టు. చిన్న మొత్తం తీసుకుని, చెప్పిన తేదీకి పూర్తి చేసి, లెక్క అప్పజెప్పి, ఆ కాగితం దాచుకోండి. రెండో గ్రాంటు అడిగేటప్పుడు అదే మీ సిఫారసు ఉత్తరం.

ప్రపోజల్

ముందు మీ మొదటి వాక్యం. తర్వాత ఎంతమందికి, ఏ కాలనీలో, పేర్ల జాబితాతో. జాబితా మీరే ఇల్లిల్లూ తిరిగి రాయండి, ఆ తిరుగుడులోనే సగం సంగతులు తెలుస్తాయి. మేం ఒకసారి బడి మానేసిన పిల్లల లెక్క రాయబోతే అసలు కారణం బడి దూరం కాదని, రొయ్యల గుంటల దగ్గర పనికి పోయే తల్లిదండ్రులు నెలల తరబడి పిల్లల్ని వెంట తీసుకుపోతున్నారని బయటపడింది. ట్యూషన్ సెంటర్ అడగబోయినవాళ్లం హాస్టల్ అడిగాం.

బడ్జెట్ రాసేటప్పుడు స్కీము మార్గదర్శకాల్లో ఏ ఖర్చుకి ఎంత వరకు ఇస్తారో ఉంటుంది, ఆ గడులు దాటొద్దు, లేని గడి కల్పించొద్దు. గది కట్టాలంటే పంచాయతీరాజ్ ఇంజినీరు దగ్గర ఎస్టిమేటు తీసుకోండి, మేస్త్రీ చెప్పిన అంకె పనికిరాదు. మీ వాటా 10 శాతం ఎక్కడి నుంచి తెస్తారో పేర్లతో సహా రాయండి. "తగ్గిస్తారు కదా" అని రెట్టింపు రాసేవాళ్లు ఉన్నారు, అలా రాసిన బడ్జెట్‌ను పక్క ఊరి సంఘం బడ్జెట్‌తో పోల్చి చూసేవాళ్లు పైన ఉంటారు. ఇదే పనికి ఇంకే శాఖ దగ్గరా గ్రాంటు తీసుకోలేదు, అడగలేదు అని ధ్రువపత్రం ఇవ్వాలి, కాబట్టి ఒకే పనిని మూడు చోట్ల పెట్టకండి.

ఆన్‌లైన్‌లో పంపాక వచ్చే నంబరు, రసీదు ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. ఫైలు కదలాలంటే సాధారణంగా జిల్లా స్థాయి తనిఖీ, కలెక్టరు సిఫారసు కావాలి. అది ఆలస్యమైతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం పీజీఆర్ఎస్‌లో అర్జీ ఇవ్వండి, మర్యాదగా, ఫైలు నంబరుతో. తనిఖీ రోజున అరువు తెచ్చిన మంచాలు, పక్క బడి పిల్లలు వద్దు. ఉన్నది పదిమంది అయితే పదిమందినే చూపించండి.

డబ్బు వచ్చాక

మంజూరు ఉత్తర్వు వచ్చిన రోజు స్వీట్లు పంచుకోండి, మర్నాడు ఆ ఉత్తర్వుని కమిటీ మొత్తం కూర్చుని చదవండి. కేంద్ర గ్రాంటు తీసుకునే స్వచ్ఛంద సంఘం కమిటీ సభ్యులు బాండు రాసి ఇవ్వాలి, షరతులు తప్పితే డబ్బు ఏడాదికి 10 శాతం వడ్డీతో వెనక్కి కట్టాలని అందులో ఉంటుంది, బాధ్యత అందరి మీదా కలిసి పడుతుంది. "నాకేం తెలియదు, సంతకం పెట్టమంటే పెట్టాను" అనే మాట తర్వాత చెల్లదు, అందుకే సంతకానికి ముందే ప్రతి సభ్యుడికీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ కూడా తెలియజేయండి.

డబ్బు పీఎఫ్ఎంఎస్ అనే వ్యవస్థ ద్వారా వస్తుంది, మీ ఖాతా అందులో నమోదై ఉండాలి. ఒక్కో గ్రాంటు లెక్క విడిగా రాయండి. గ్రాంటు డబ్బు మీద బ్యాంకు వేసిన వడ్డీ కూడా ప్రభుత్వానిదే, దాన్ని వెనక్కి జమ చేయాలి. కొన్న కుర్చీ, బీరువా, కంప్యూటర్ అన్నీ ఆస్తుల రిజిస్టరులో ఎక్కించి వాటి మీద నంబరు రాయండి, అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల్లోపు యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందనే ధ్రువపత్రం, అందరూ యూసీ అంటారు, కేంద్ర ఆర్థిక నిబంధనల్లోని జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో ఇవ్వాలి. 12 నెలలు ఉంది కదా అని కూర్చోవద్దు, అది అందితేనే తర్వాతి విడత. మే నెలకల్లా ఆడిట్ ముగించి జూన్‌లో యూసీ పంపే సంఘం పైవాళ్లకు గుర్తుంటుంది.

విడతలు ఆలస్యమవుతాయి. మార్చి చివరి వారంలో పడిన సందర్భాలు మాకు చాలా ఉన్నాయి, అప్పటిదాకా బియ్యం కొట్టు వాళ్లకు, వంటమనిషికి ఎవరు ఇస్తారు? కనీసం ఆరు నెలల ఖర్చు మీ దగ్గరో, ఊళ్లో చందాలుగానో లేకుండా హాస్టలో ఆశ్రమమో మొదలుపెట్టకండి. పిల్లల్ని తీసుకొచ్చి, మధ్యలో అన్నం పెట్టలేక ఇళ్లకు పంపడం కంటే మొదలుపెట్టకపోవడం మేలు.

మధ్యలో వచ్చేవాళ్లు

"ఢిల్లీలో మనవాళ్లున్నారు, పది శాతం ఇస్తే చాలు" అని ఫోన్ చేసేవాళ్లు ఉంటారు. ఆ పది శాతం ఏ వోచర్ మీద రాస్తారు? దాన్ని దాచడానికి దొంగ బిల్లు పెట్టాలి, అక్కడి నుంచి మీ క్యాష్ బుక్కులో ప్రతి పేజీ అబద్ధమవుతుంది. వాళ్లు మీ దర్పణ్ పాస్‌వర్డు అడుగుతారు, ఖాళీ లెటర్‌హెడ్ల మీద సంతకాలు అడుగుతారు. ఒక్కటి కూడా ఇవ్వకండి. మా వైపు ఒక పెద్దాయన నమ్మి ఇచ్చాడు, ఆయనకి తెలియకుండానే ఆ సంఘం పేరుతో ఇంకో చోట దరఖాస్తు పోయింది, అది సరిచేసుకోవడానికి ఆయన రెండేళ్లు తిరిగాడు.

తిరస్కరిస్తే కారణం అడగండి. పోర్టల్లో కనిపించకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మా మొదటి ఫైలు వెనక్కి వచ్చినప్పుడు కారణం చూస్తే మూడో ఏడాది ఆడిట్ రిపోర్టులో చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం ఉంది, స్టాంపు లేదు. స్టాంపు వేయించి, తర్వాతి ఏడాది పోర్టల్ తెరిచిన వారంలోనే మళ్లీ పెట్టాం, ఆ ఫైలే మంజూరైంది.